మావాడూ, వాడి కంప్యూటర్లూ: పెద్దవారిలో ఆటిజం గురించి తెలుసుకుందాం

"డాక్టరు గారండి, మావాడికి కంప్యూటరు పిచ్చి పట్టుకుందండి. అది మాన్పించే మందేదైనా ఉంటే రాయండి."

ఓ.పి.లో ఇలా అడిగే తల్లులు ఈమధ్య తరచుగా కనిపిస్తున్నారు. ఇక్కడ చెప్పబోయేది అలాంటి రెండు మూడు కుటుంబాల సంగతులు కలిపి, గుర్తుపట్టడానికి వీలులేకుండా మార్చి రాసినది. కొల్లేరు అంచున చేపల చెరువులున్న కుటుంబం. పిల్లల చదువు కోసం ఏలూరు వచ్చి స్థిరపడ్డారు. అబ్బాయికి 29 ఏళ్ళు. డిగ్రీలో మంచి మార్కులు వచ్చాయి. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది గాని మూడు నెలలకే వదిలేసి వచ్చేశాడు. కారణం అడిగితే "లైట్లు" అన్నాడట. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. అప్పటి నుండి ఇంట్లోనే. పగలు నిద్ర, రాత్రి మెలకువ. గదిలో ఒక మూల పాత కంప్యూటరు పెట్టెలు మూడు, వాటి మీద మినుకు మినుకుమనే చిన్న దీపాలు. అవి ఇరవై నాలుగు గంటలూ నడుస్తూనే ఉండాలి.

ఒకరోజు కరెంటు బిల్లు చూసి తండ్రి కోపంతో మెయిన్ కట్టేశారు. కొడుకు గోడకేసి తల బాదుకున్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. చుట్టాలు కొందరు గాలి సోకిందన్నారు, కొందరు పెళ్ళి చేస్తే అంతా సర్దుకుంటుందన్నారు. మన దగ్గర ఏ జబ్బుకైనా పెళ్ళిని మందుగా చెప్పేవారికి కొదవ లేదు. ఈ విషయంలో ఆ సలహా చాలా ప్రమాదకరం. ఎందుకంటే కష్టం ఒకరి నుండి ఇద్దరికి పాకుతుంది.

మేము కంప్యూటర్ల సంగతి పక్కన పెట్టి చిన్నప్పటి సంగతులు అడిగాం. మాటలు ఆలస్యంగా వచ్చాయి. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు, చెవుడేమోనని పరీక్ష చేయించారు. బొమ్మకారు ఇస్తే నడిపేవాడు కాదు, చక్రం తిప్పుతూ గంటలకొద్దీ కూర్చునేవాడు. పెళ్ళిళ్ళలో బ్యాండు మేళం మొదలైతే చెవులు మూసుకుని ఏడ్చేవాడు. కంచంలో పప్పు, కూర కలిస్తే తినేవాడు కాదు. బడిలో లెక్కల్లో ఎప్పుడూ ముందుండేవాడు గాని స్నేహితుడంటూ ఒక్కడూ లేడు. ఇవన్నీ విన్నాక, అబ్బాయితో విడిగా మూడుసార్లు మాట్లాడాక నిర్ధారణ అయినది ఏమిటంటే, ఇది కంప్యూటరు వ్యసనం కాదు, ఆటిజం. పుట్టుకతో వచ్చినది, 29 ఏళ్ళ పాటు ఎవరూ పేరు పెట్టనిది.

ఆటిజం పిల్లల జబ్బు కాదా?

కాదు. ముందుగా జబ్బు అనే మాటే సరిపోదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా ఇది. మాటల వెనుక ఉన్న భావాన్ని, ముఖకవళికలను పట్టుకోవడంలో ఇబ్బంది, ఒకే పద్ధతి మీద గట్టి పట్టు, కొన్ని విషయాల మీద విపరీతమైన ఆసక్తి, వెలుతురు, శబ్దం, వాసన, స్పర్శ మామూలు కంటే ఎక్కువగానో తక్కువగానో తెలియడం దీని ముఖ్య లక్షణాలు. చిన్నతనంలో కనబడుతుంది గాని పెద్దయితే పోదు. ఆటిజం ఉన్న పిల్లవాడు ఆటిజం ఉన్న పెద్దవాడు అవుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 నాటికి లోకంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆ లెక్కన మన ప్రతి పేటలోనూ ఇలాంటి పెద్దవారు ఉండి ఉంటారు. మనం వారిని "ముభావి", "మొండివాడు", "తిక్క మనిషి" అని పిలుస్తూ ఉంటాం, అంతే.

అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వివరించారు. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పర్జర్, మాటలు బాగా వచ్చి మనుషులతో కలవలేని పిల్లల గురించి రాశారు. అందుకే కొంతకాలం ఆస్పర్జర్ సిండ్రోమ్ అని వేరే పేరుండేది. 2013 నుండి అమెరికా వైద్యుల నిర్ధారణ గ్రంథంలో అన్నిటినీ కలిపి ఆటిజం వర్ణపటం అంటున్నారు. వర్ణపటం అంటే ఇంద్రధనుస్సు లాంటిది. ఒక చివర జీవితాంతం మాట రానివారు, ప్రతి పనికీ తోడు కావలసినవారు ఉంటారు. మరో చివర ఉద్యోగం చేస్తూ లోలోపల అలసిపోయేవారు ఉంటారు. ఆటిజం ఉన్నవారంతా లెక్కల్లో, కంప్యూటర్లలో మేధావులు అనుకోవడం సినిమాల వల్ల వచ్చిన పొరపాటు. కొందరికి ఆసక్తి రైళ్ళ వేళల మీద, కొందరికి ఆటపాకకు వచ్చే గూడబాతుల మీద ఉంటుంది.

ఇక తల్లులకు ఒక మాట. ఇది మీ పెంపకం వల్ల వచ్చినది కాదు. తల్లి ప్రేమ చాలకపోవడం వల్ల వస్తుందని 1950, 60లలో కొందరు పెద్ద వైద్యులే చెప్పి ఎందరో తల్లులను ఏడిపించారు. అది తప్పని తేలిపోయింది. టీకాల వల్ల వస్తుందని 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కు తీసుకుంది. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. మూలకణాల చికిత్సతో నయం చేస్తామని లక్షలు అడిగేవారి మాట నమ్మి చెరువులు, పొలాలు అమ్ముకోకండి. అది పనిచేస్తుందని నిరూపణ కాలేదు.

ఆ పెట్టెల్లో ఏముంది?

తండ్రిని ఈ ప్రశ్న అడిగితే తెలియదన్నారు. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు! అబ్బాయినే చెప్పమన్నాం. మొహం మా వైపు తిప్పకుండా, కిటికీ వైపు చూస్తూ, నలభై నిమిషాలు ఎక్కడా తడబడకుండా చెప్పాడు. మాకు అర్థమైనంత వరకు రాస్తున్నాం.

సర్వర్ అంటే ఎప్పుడూ మెలకువగా ఉండి, అడిగినవారికి అడిగినది అందించే కంప్యూటరు. మన ఏలూరు కాలువ మీద పడవలు తిరిగే రోజుల్లో లాకుల దగ్గర ఒక మనిషి కాపలా ఉండేవాడు. పడవ వచ్చినా రాకపోయినా అతను అక్కడ ఉండవలసిందే. సర్వర్ పని అలాంటిది. పెద్ద కంపెనీలకు ఇవి గదులకొద్దీ ఉంటాయి. ఇంట్లో నడపాలంటే ఎవరో పక్కన పడేసిన పాత కంప్యూటరు చాలు. దాని మీద లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వేసుకోవచ్చు. దీనికి మూలమైన కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు, తరువాత ప్రపంచంలో వేలాది మంది చేతులు కలిపారు. అబ్బాయి మొదటి పెట్టెలో ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫొటోలు రాత్రివేళ వాటంతటవే వచ్చి చేరతాయి. అమ్మ మనవరాలి ఫొటోలు చూసేది అక్కడి నుండేనని ఆమెకు ఆరోజే తెలిసింది. రెండో పెట్టెలో పాటలు, పుస్తకాలు. మూడోది మొదటి రెండింటికీ నకలు.

సర్వర్‌లో లాగ్ అనే దస్త్రం ఒకటి ఉంటుంది. ఏ నిమిషాన ఏం జరిగిందో, ఏది పాడైందో, ఎందుకు పాడైందో అందులో వరుసగా నమోదవుతుంది. "మనుషులకి లాగ్ ఉండదండి. కోపం వస్తుంది, ఎందుకొచ్చిందో రాసుండదు" అన్నాడు. ఆ మాటతో మాకు చాలా అర్థమైంది. యంత్రానికి ఒకే ఆదేశం ఇస్తే ఒకే జవాబు. దానికి ముఖకవళికలు లేవు, వెటకారం లేదు, "నీకే అర్థం కావాలి" అనే మాట లేదు. తప్పు జరిగితే ఫలానా చోట తప్పు అని చెబుతుంది. తొందరపెట్టదు. రోజంతా మనుషుల మధ్య పరాయిదేశంలో ఉన్నట్టు ఉండే మనిషికి అది సొంత ఊరు.

మెయిన్ ఎందుకు కట్టకూడదో కూడా తెలిసింది. సర్వర్ ఏదైనా రాసుకుంటున్న సమయంలో కరెంటు పోతే దస్త్రాలు పాడవుతాయి. ఆరోజు ఏడాది పాటు పోగుచేసినవి పోయాయి. దానికి తోడు, ఆటిజం ఉన్నవారికి చెప్పకుండా వచ్చే మార్పు మనకంటే ఎన్నో రెట్లు కష్టంగా ఉంటుంది. తల బాదుకోవడం మొండితనం కాదు, బెదిరింపు కాదు. భరించగలిగిన హద్దు దాటినప్పుడు మెదడు కట్ట తెగినట్టు అయిపోతుంది. ఆ సమయంలో అరవడం, పట్టుకుని ఊపడం, నలుగురిని పిలవడం పనికిరావు. వెలుతురు తగ్గించి, గాయపరిచే వస్తువులు పక్కకు తీసి, మౌనంగా దగ్గరలో ఉండాలి. ప్రశ్నలు తరువాత అడగవచ్చు.

మొక్కజొన్న సాళ్ళు లెక్కపెట్టిన కుర్రవాడు

కానర్ చూసిన 11 మందిలో మొదటి పిల్లవాడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు అతనిది. అంకెలన్నా కొలతలన్నా అతనికి వదలని పట్టు. అతనిని కొంతకాలం ఒక రైతు దంపతుల ఇంట్లో ఉంచారు. ఆ రైతు దంపతులు పెద్ద చదువులు చదివినవారు కారు గాని చాలా తెలివైన పని చేశారు. ఎప్పుడూ ఏదో ఒకటి కొలుస్తూ ఉంటే నుయ్యి తవ్వమని పురమాయించి దాని లోతు కొలిచి చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. లెక్కపెట్టడం మానిపించలేదు, దానికి ఒక పని తగిలించారు. డోనాల్డ్ తరువాత కాలేజీలో చదివి, సొంత ఊరి బ్యాంకులో దశాబ్దాల పాటు ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడుతూ, దేశాలు తిరిగి, 2023 జూన్‌లో 89వ ఏట కన్నుమూశారు.

రైతు కుటుంబాలకు ఇంతకంటే వివరంగా చెప్పనవసరం లేదనుకుంటాను. ఏలూరు ఇంట్లోనూ అదే చేశాం.

మొదట నిద్ర. రాత్రి రెండింటికి ఆ గదిలో జరిగే పని ఏమిటని చూస్తే, నకళ్ళు సరిగా వస్తున్నాయో లేదో కళ్ళతో చూసుకోవడం. ఆ పని దానంతటదే జరిగి, పొద్దున ఆరింటికి ఫలితం ఒక కాగితంలాగా కనిపించేటట్టు తనే ఏర్పాటు చేసుకున్నాడు. "నిద్రపో" అని ఆరేళ్ళు చెప్పినా జరగనిది ఇలా జరిగింది. పడుకునే వేళను వారానికి అరగంట చొప్పున వెనక్కు జరిపాం. పెట్టెల మీది దీపాలకు నల్ల టేపు అంటించాడు. పడుకునే గదిలోంచి పెట్టెలను మార్చడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. ఎక్కడ పెడతామో ముందుగా చూపించి, తేదీ గోడ మీద రాసి, తన చేతనే మార్పించాం.

తరువాత కరెంటు. వంద వాట్లు వాడే పాత పెట్టె రోజంతా నడిస్తే నెలకు 72 యూనిట్లు. అయిదు వాట్లతో నడిచే అరచేతి కంప్యూటరు అయితే నాలుగు యూనిట్ల లోపు. ఈ లెక్క వేసి చూపించగానే ఎవరూ బలవంతం చేయకుండానే రెండు పెట్టెలు తీసేశాడు. ఎర్తింగ్ సరిగా వేయించారు. చిన్న యు.పి.ఎస్. కొన్నారు. అది ఇచ్చే కొద్ది నిమిషాల్లో యంత్రాన్ని పద్ధతిగా ఆపవచ్చు. మన చెమట వాతావరణంలో పెట్టెలోకి చీమలు, బల్లులు చేరతాయి కాబట్టి ఎత్తుగా, గాలి ఆడేచోట పెట్టుకోవాలి. మే నెలలో ఆ గదిలో వేడి మనిషికీ మంచిది కాదు. నీళ్ళు తాగడం మరచిపోతారు. ఆటిజం ఉన్న కొందరికి దాహం, ఆకలి సరిగా తెలియవు. వేళ ప్రకారం గుర్తుచేయాలి. ఈ అబ్బాయికి యంత్రమే గంటకొకసారి గుర్తుచేస్తుంది.

ఇక మనుషులు. తండ్రి చెరువుల లెక్క చేతిపుస్తకంలో రాసుకునేవారు: మేత బస్తాలు, పిల్ల ఖర్చు, శీలావతి ఎంత, బొచ్చె ఎంత, లీజు ఎంత. ఆ లెక్కలు సర్వర్‌లో పెట్టమని అడిగారు. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం తండ్రీ కొడుకులు అరగంట పక్కపక్కన కూర్చుంటున్నారు. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన. కళ్ళలోకి చూడమని బలవంతపెట్టకపోతే ఇలాంటివారు ఎక్కువ మాట్లాడతారు.

నకలు సంగతి కూడా ఇలాగే కలిసివచ్చింది. ముఖ్యమైనది ఏదైనా మూడు ప్రతులు ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి అన్నది ఈ విద్యలో నియమం. కొల్లేటి దగ్గరివారికి ఇది వేరే చెప్పాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు కూడా చివరికి కొల్లేరులోకే రావాలి. అందుకని మూడో ప్రతి ఉన్న డిస్కు తాడేపల్లిగూడెంలో పిన్నిగారింట్లో పెట్టాలని నిర్ణయమైంది. నెలకొకసారి దానిని మార్చాలి. మొదటిసారి తల్లి తోడు వెళ్ళింది. రెండోసారి వేరే పెట్టెలో కూర్చుంది. నాలుగోసారి ఒక్కడే దెందులూరు, భీమడోలు, పూళ్ళ అని స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ, చెవులకు శబ్దం తగ్గించే సాధనం పెట్టుకుని వెళ్ళివచ్చాడు. పిన్నిగారింట్లో పప్పు వేరే గిన్నెలో వడ్డిస్తారు.

ఎప్పుడు వెంటనే వైద్యుడిని కలవాలి?

ఆటిజం ఉన్నవారిలో ఆందోళన, దిగులు, నిద్రలేమి, మలబద్ధకం, మూర్ఛ ఎక్కువగా కనిపిస్తాయి. మూర్ఛ యౌవనంలో కొత్తగా మొదలుకావచ్చు. వీటికి మంచి మందులున్నాయి. నొప్పి ఎక్కడుందో వీరు చెప్పలేకపోవచ్చు, అందువల్ల ఉన్నట్టుండి ప్రవర్తన మారితే ముందు పన్ను, చెవి, కడుపు చూపించండి. తనకు ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం పెద్ద ప్రమాద సూచన. ఈ అబ్బాయి విషయంలో యంత్రాలు నడుస్తున్నాయా అని కాదు, వాటిని పట్టించుకోవడం మానేశాడా అని గమనించమని తల్లికి చెప్పాం. చనిపోవాలనే మాట వీరి నోట వస్తే తేలికగా తీసుకోవద్దు. మాటను మాటగానే అనే మనుషులు వీరు. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంటర్నెట్టులో ఎవరైనా పోలీసులమని బెదిరిస్తే నిజమని నమ్మేసే ప్రమాదమూ వీరికి ఎక్కువే. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు అన్నది ఒక నియమంగా రాసి ఇవ్వండి. నియమమైతే తప్పరు. మోసం జరిగితే 1930కి వెంటనే తెలపాలి.

ఆడపిల్లల విషయం ఒకటి చెప్పాలి. వారు తోటివారిని చూసి నవ్వడం, తలూపడం నేర్చుకుని కప్పిపుచ్చుకుంటారు. "బుద్ధిమంతురాలు, మాటకారి కాదు" అని ఊరుకుంటాం. ముప్ఫై ఏళ్ళు దాటాక, తీవ్రమైన అలసటతోనో దిగులుతోనో వచ్చినప్పుడు బయటపడుతుంది.

ధ్రువపత్రం, ఉద్యోగం

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలోనూ ఇది ఒకటి. 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషను, పింఛను వంటి వాటికి దారి దొరుకుతుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది. మన దేశానికి తగినట్టుగా ఆటిజాన్ని అంచనా వేసే 40 అంశాల పట్టికను సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసింది. ఈ సంస్థను ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. పెద్దవారిని కూడా అక్కడికి తీసుకువెళ్ళవచ్చు.

ఉద్యోగం అసాధ్యం కాదు. డెన్మార్కులో ఆటిజం ఉన్న ఒక బాబు తండ్రి, తోర్కిల్ సోనె, 2004లో స్పెషలిస్టెర్న్ అనే సంస్థ పెట్టి ఇలాంటివారికే సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనులు ఇచ్చారు. 2013లో శాప్ కంపెనీ ఇదే బాట పట్టింది. దాని తొలి ప్రయోగం జరిగింది మన పక్కనే, బెంగళూరులో. ఇంటర్వ్యూలో చక్కగా మాట్లాడటం కాకుండా పని చేసి చూపించమనడమే ఇక్కడి కిటుకు. మన అబ్బాయిని మూడు నెలల్లో తరిమేసింది పని కాదు, తల మీద మిణుకుమనే ట్యూబులైట్లు, నలుగురి మాటలు ఒకేసారి వినబడే హాలు. ఇప్పుడు ఇంటి నుండే ఒక చిన్న సంస్థ సర్వర్లను రోజుకు నాలుగు గంటలు చూసుకుంటున్నాడు. జీతం ఎక్కువ కాదు. మేము దానికి తొందరపడటం లేదు.

చివరిసారి వచ్చినప్పుడు తల్లి అడిగిన ప్రశ్న మందుల గురించి కాదు. "మా తరువాత వీడి సంగతేంటండి?"

జవాబు అబ్బాయి దగ్గరే ఉంది. తనకు జ్వరం వస్తే యంత్రాన్ని ఎలా చూసుకోవాలో చెల్లెలి కోసం ఒక కాగితం రాసి గోడకు అంటించాడు: ఏది ముందు ఆపాలి, ఏది తరువాత, ఏ దీపం ఎర్రగా వెలిగితే భయపడాలి, ఏది వెలిగినా పరవాలేదు. యంత్రానికి అంత వివరమైన కాగితం ఉంది. మనిషికి లేదు. కొడుకు ఏం తింటాడు, ఏ మందు పడదు, ఏ శబ్దానికి బెదురుతాడు, ఎవరిని నమ్ముతాడు, డబ్బు ఎక్కడుంది, డాక్టరు ఎవరు అనేవి తల్లి తలలో తప్ప ఎక్కడా లేవు. సంరక్షకుని నియామకం చట్టప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ద్వారా జరుగుతుంది. అయితే సొంతంగా నిర్ణయాలు తీసుకోగలిగిన మనిషికి సంరక్షకుడు అన్నిటికీ అవసరం లేదు, కొన్నిటికి తోడు చాలు. ఏది కావాలో ఆయననే అడగాలి. అన్నట్టు, 29 ఏళ్ళ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "వీడు" అంటూ మాట్లాడటం మేమూ ఆరోజే మానుకున్నాం.

కాగితం ఇద్దరూ కలిసి రాయడం మొదలుపెట్టారు. తల్లి చెబుతుంటే ఆయన టైపు చేస్తున్నాడు. మొన్న వచ్చినప్పటికి ఏడు పేజీలు అయింది. నాలుగో పేజీలో తల్లి చెప్పిన ఒక వాక్యాన్ని కొట్టేసి పక్కన సరైనది రాశాడు. "పప్పు, కూర కలిపితే తినడు" అని ఆమె అన్నది. "అన్నం చల్లారాక కలిపితే తింటాను" అని ఆయన దిద్దాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ సంగతి ఎవరూ అడగలేదట.